వన్స్ మోర్ అంటే ల్యాప్‌టాప్ బిక్కచచ్చింది

మొన్న ఆదివారం మన హైదరాబాద్‌లో ‘తెలుగులో తొట్టతొలి ఒరిజినల్ మ్యూజికల్’ చూసే భాగ్యం నాకు దక్కింది. ఆహ్వానంలో అలాగే వేశారు, తొట్టతొలి అని. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ ఆడి, ఆ ఊరి పేరునే ఇంటిపేరులా మోస్తూ తరతరాలుగా పాడుతున్నవాళ్లు ఇదే నగరంలో, శేరిలింగంపల్లిలో ఉన్నారు కదా, మరి వాళ్లది ఏమిటి అని అడక్కండి. వాళ్లది నాటకం. నాటకంలో నటులు పాడతారు. మ్యూజికల్‌లో పెన్ డ్రైవ్ పాడుతుంది.

జ్యోతి ప్రజ్వలన, పద్నాలుగు శాలువాలు (లెక్కపెట్టాను, వేరే పనేం లేదు), కళలు నశించిపోతున్నాయని నలుగురు పెద్దల ఆవేదన, అవన్నీ అయ్యాక తెర లేచింది. కథ ఐటీ కుర్రాడి ప్రేమ. సెట్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. హీరో చెంపకు మైకు అంటించి ఉంది, అందులోంచి గాలి కూడా రాదు. పాట ముంబై స్టూడియో పాట, పెదాలు మాత్రం మనవాడివి, అవి కూడా అర సెకను వెనక.

డ్యూయెట్ అయింది. నా వెనక వరుసలో ఒక పెద్దాయన, పద్యనాటకాల కాలం మనిషి అయ్యుంటాడు, అలవాటు కొద్దీ గొంతెత్తి “వన్స్ మోర్!” అన్నాడు. పాపం, మెచ్చుకున్నాడు. హీరో కొయ్యబారిపోయి పక్కకు చూశాడు. ల్యాప్‌టాప్ దగ్గర కుర్రాడు కంగారులో ఏదో నొక్కాడు. “నాన్నా, నన్నొదిలి పోయావా” అని సెకండాఫ్‌లో రావాల్సిన ఏడుపు పాట మోగింది. హీరోయిన్‌కు రిహార్సల్స్ బాగా వంటబట్టినట్టున్నాయి, ఆ ఏడుపుకే హీరో భుజం మీద వాలి కిలకిలా నవ్వింది. వింగ్‌లో టీ తాగుతున్న నాన్నగారికి తన పాట వినబడింది. తన చావు టైమయిందనుకుని గ్లాసు అక్కడే పెట్టి పరుగున వచ్చి కేబుల్ బ్రిడ్జి మధ్యలో వెల్లకిలా పడి చచ్చిపోయాడు. ఈలోపు కుర్రాడు తప్పు దిద్దుకుని డ్యూయెట్ పెట్టాడు. శవం చుట్టూ డ్యూయెట్! నాన్నగారు ఒక కన్ను తెరిచి చూసి, లేస్తే బాగోదనుకున్నాడో ఏమో, మళ్లీ మూసుకున్నాడు. ఆ సాయంత్రం హాలంతా ఒక్కటై చప్పట్లు కొట్టింది అప్పుడే.

వెనకటికి చచ్చిన పాత్రధారి కూడా వన్స్ మోర్ అంటే లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడని చెప్పుకుంటారు. ఎంత నవ్వుకున్నా, అక్కడ నటుడికి జనం మాట వినపడింది. రాగం ఎంతసేపు తీయాలో ఎక్కడ ఆపాలో ఎదుట కూర్చున్నవాళ్ల ముఖాలు చూసి తేల్చుకునేవాడు, హార్మోనియం అతని వెంట నడిచేది. ట్రాక్‌కు ముఖాలు కనపడవు. జనం నవ్వినా ఆగదు, గొంతు పట్టేసినా శ్రుతి తగ్గించదు, ఒక చరణం ఎక్కువైందని తెలిసినా ఆ పూటకు కోయలేం.

మ్యూజికల్ అనే మాట ఏ ఊరి నుంచి తెచ్చుకున్నారో ఆ ఊళ్లో ఏం చేస్తారో అదైనా చూడొచ్చుగా. 1943లో ‘ఓక్లహోమా’ అనే అమెరికా మ్యూజికల్ న్యూయార్క్‌కు రాకముందు న్యూ హేవెన్‌లో వేరే పేరుతో ఆడింది. తర్వాత బోస్టన్‌లో ఆడుతూనే ‘ఓక్లహోమా’ అనే పాటను బృందగానంగా మార్చారు, నాటకానికీ ఆ పేరే పెట్టారు. 2,212 ప్రదర్శనలు నడిచింది. 1962లో ‘ఎ ఫన్నీ థింగ్ హ్యాపెన్డ్ ఆన్ ద వే టు ద ఫోరమ్’ (పేరే ఒక అంకం) వాషింగ్టన్‌లో ఆడితే జనం నవ్వలేదు. మొదటి పాట మెత్తగా ఉండి, రాబోయేది కామెడీ అని వాళ్లకు చెప్పడం లేదని గ్రహించారు. దాని పాటలు కట్టిన సాండ్‌హైమ్ కొత్త పాట రాశాడు, నవ్వులు మొదలయ్యాయి. అంటే ఎక్కడ నవ్వారు, ఎక్కడ దగ్గారు, ఎక్కడ ఫోన్ తీశారు అని చూసుకుంటూ కోసి కుట్టుకునే బట్ట అది. మన డైరెక్టర్‌గారిని “ముందు ఎవరికైనా ఆడి చూపించారా?” అని అడిగాను. “మూడు నెలలు మిక్సింగ్ చేశాం సార్” అన్నాడు. రెండో ప్రదర్శన ఎప్పుడన్నాను. ప్రశ్న అర్థం కానట్టు చూశాడు.

ఇదంతా నవ్వుకుని వదిలేద్దును. కానీ స్టేజీకి ఎడమ పక్కన, లైటు పడీ పడని చోట, తెల్ల లాల్చీలో ఒక పెద్దమనిషి హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాడు. గాలి కొట్టే తిత్తికి కొక్కెం వేసే ఉంది. ట్రాక్ మోగినప్పుడల్లా వేళ్లు మెట్ల మీద ఆడించాలి, చప్పుడు రాకూడదు. ‘సంప్రదాయం లుక్’ కోసమట! పద్నాలుగు శాలువాలకు డబ్బుంది, ముంబై స్టూడియోకు డబ్బుంది, ఆ తిత్తి కొక్కెం తీసి ఒక్క పాట వాయించనివ్వడానికి ఏం రోగం మీకు? శ్రుతి తప్పితే తప్పనీ, వింటాం. బతికున్న హార్మోనిస్టును తెచ్చి అట్టముక్క బ్రిడ్జి పక్కన ఇంకో అట్టముక్కలా కూర్చోబెట్టడానికి మీకు సిగ్గెలా లేకపోయింది? ల్యాప్‌టాప్ తడబడినప్పుడు ఆయన చెయ్యి దానంతటదే కొక్కెం మీదికి వెళ్లడం నేను చూశాను. వింగ్‌లోంచి ఎవరో వద్దని సైగ చేశారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బయటికి వస్తుంటే వాట్సాప్‌లో ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చింది. ప్రేక్షకుల స్పందన తమకు చాలా ముఖ్యమట. నాలుగు ప్రశ్నలు: పార్కింగ్, ఏసీ, ముఖ్య అతిథి ప్రసంగం, టీ.

టీ బాగుందని రాశాను. చక్కెర కాస్త ఎక్కువైంది.