పాత ఇంటిని నిలబెట్టుకునేవాడికి పన్ను లెక్కలో చోటేదీ?

ఏదో ఒక ఊళ్లో పాత దేవిడీనో మండువా లోగిలినో జేసీబీ పడగొడుతున్న వీడియో బయటికి వచ్చినప్పుడల్లా, దాని కింద ఆ ఇంటి వారసులను తిట్టిపోసే వ్యాఖ్యలు బారులు తీరుతాయి. డబ్బాశ అంటారు, తాతల పరువు తీశారంటారు, మన చరిత్ర మీద మనకే గౌరవం లేదంటారు. ఇలాంటి కుటుంబాల పన్ను లెక్కలు చాలా ఏళ్లుగా చూస్తున్నవాడిని కాబట్టి నేను ఆ తిట్లకు వంత పాడలేను. ఆ వారసుల్లో చాలామంది ఇంటి మీద చెయ్యి వేయడానికి ముందు కాగితం, కలం పట్టుకుని కూర్చుని లెక్క వేసుకున్నవారే. ఆ లెక్కలో ప్రభుత్వం దాదాపు ప్రతి వరుసలోనూ కూల్చివేత పక్షానే కనిపిస్తుంది.

మొదట ఇంటి అప్పు సంగతి చూడండి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, పాత పన్ను విధానాన్ని ఎంచుకున్న వ్యక్తి తాను నివసించే ఇంటిని కొనడానికో కొత్తగా కట్టుకోవడానికో అప్పు తెస్తే, ఏడాదికి రెండు లక్షల రూపాయల వరకు వడ్డీని ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అదే మనిషి తన తాత కట్టిన ఇంటి మరమ్మతుకు అప్పు తెస్తే ఆ పరిమితి 30,000 రూపాయలు. కొనుగోలు, నిర్మాణాల పరిమితిని 2014లో లక్షన్నర నుంచి రెండు లక్షలకు పెంచినప్పుడు కూడా మరమ్మతు అంకెను ముట్టుకోలేదు. అప్పులో అసలు తీర్చినందుకు దొరికే తగ్గింపు సైతం కొన్నవారికీ కట్టుకున్నవారికీ తప్ప బాగుచేయించుకున్నవారికి లేదు. కొత్త పన్ను విధానంలో సొంత నివాసానికి ఇవేవీ ఎవరికీ లేవు కాబట్టి, అక్కడ మాత్రం పాత ఇంటివాడికీ కొత్త ఇంటివాడికీ సమన్యాయం జరుగుతోందని సంతోషించాలి కాబోలు.

అద్దెకిచ్చిన ఇంటి లెక్క మరీ విచిత్రం. నెలకు 20,000 రూపాయలు అద్దె వచ్చే ఒక పాత ఇల్లు ఉందనుకుందాం. ఏడాది అద్దె 2,40,000. మునిసిపల్ పన్ను సంగతి పక్కన పెడితే, అందులో 30 శాతాన్ని, అంటే 72,000 రూపాయలను, మరమ్మతుల వంటి ఖర్చుల కింద చట్టమే గుండుగుత్తగా తీసేస్తుంది. కప్పు కారుతున్నా పట్టించుకోకుండా అద్దె మాత్రం వసూలు చేసుకునే యజమానికీ ఆ 72,000 దక్కుతుంది. ఎనిమిది లక్షలు పెట్టి దూలాలు మార్పించి, గోడలకు మళ్లీ గచ్చు పూత వేయించిన యజమానికీ అంతే దక్కుతుంది. ఇల్లు శిథిలమవుతుంటే చూస్తూ ఊరుకోవడమే లాభసాటి అని ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు?

మరి బాగుచేయించడానికి పెట్టిన డబ్బుకు ఎక్కడా గుర్తింపు లేదా అంటే, ఒక్కచోట ఉంది. ఇంటిని అమ్మేటప్పుడు, దాన్ని గణనీయంగా మెరుగుపరచడానికి పెట్టిన ఖర్చును దాని ఖరీదుకు కలిపి, మూలధన లాభాన్ని తగ్గించి చూపవచ్చు. ఇంటిని నిలుపుకోవడానికి పెట్టిన డబ్బు లెక్కలోకి రావాలంటే ఆ ఇంటిని వదులుకోవాలన్నమాట! విరాళాల దారి కూడా ఒకటుంది. చారిత్రక ప్రాధాన్యం ఉన్నవిగా కేంద్రం నోటిఫై చేసిన గుడి, మసీదు, చర్చి వంటి స్థలాల మరమ్మతుకు విరాళం ఇస్తే అందులో సగం మేరకు తగ్గింపు వస్తుంది. నోటిఫై అయిన గుడికి చందా ఇచ్చినవాడికి తగ్గింపు ఉంది, సొంత ఇంటి దూలం మార్పించుకున్నవాడికి లేదు.

ఇప్పుడు ఇంటిని డెవలప్‌మెంట్‌కు ఇచ్చేవారి వైపు చూద్దాం. స్థలం యజమానిది, కట్టుబడి బిల్డరుది, ఫ్లాట్లు చెరి సగం. ఈ బేరం గురించి తెలియనివారు మన పట్టణాల్లో ఉండరు. ఒకప్పుడు ఇలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టి స్థలం అప్పగించిన ఏడాదే, చేతికి రూపాయి రాకముందే, మూలధన లాభం మీద పన్ను కట్టాలనే తగాదాలు నడిచేవి. అది నిజమైన ఇబ్బందే. 2017 ఆర్థిక చట్టం దాన్ని గుర్తించి, వ్యక్తులకూ హిందూ అవిభక్త కుటుంబాలకూ ఆ పన్నును నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చే ఏడాదికి జరిపింది. పోయిన పాత ఇంటికి బదులు వచ్చిన ఫ్లాటును కొత్త ఇంట్లో పెట్టుబడిగా చూపి, షరతులకు లోబడి మినహాయింపు కోరే వీలు కూడా ఉంది. ఆ సవరణను నేను తప్పుపట్టను, దానివల్ల ఊపిరి పీల్చుకున్నవారిని దగ్గరుండి చూశాను. కూల్చి కట్టించుకునేవాడి కష్టాన్ని అంత సూక్ష్మంగా పట్టుకోగలిగిన చట్టానికి, కూల్చకుండా ఉంచుకునేవాడి కష్టం ఎందుకు ఆనదన్నదే నా ప్రశ్న.

జీఎస్టీ దగ్గరికి వస్తే ఈ పక్షపాతం బిల్లు మీదే అచ్చవుతుంది. కాకినాడలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ఇంటిది మద్రాసు టెర్రేస్ కప్పు. టేకు దూలాల మీద పలచటి చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేర్చి, దానిపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి మందంగా పరిచి, కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు చిలకరిస్తూ చెక్కలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచిన కప్పు అది. గోడలోకి దిగిన చోట రెండు దూలాల చివరలు చెమ్మకు మెత్తబడి, గోరుతో గీరితే పొడి రాలే స్థితికి వచ్చాయి. గానుగ సున్నంతో పనిచేయడం తెలిసిన మేస్త్రీలు ఆ చుట్టుపక్కల దొరకలేదు. వేరే ఊరి నుంచి పనివాళ్లను తెచ్చే కాంట్రాక్టరు తొమ్మిది లక్షలు చెప్పి, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే లక్షా అరవై రెండు వేలు, వేరే వరుసలో రాశాడు. ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి ఆయన అడిగిన మాట ఇది: "ఆడిటరు గారూ, మా తాతగారి ఇంటికి కప్పు బాగుచేయించుకుంటే గవర్నమెంటుకి లక్షా అరవై వేలా అండీ? మొన్న మా తమ్ముడు హైదరాబాదులో కొత్త ఫ్లాటు కొంటే అయిదు శాతమే కట్టాడు కదండీ!"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 2019 ఏప్రిల్ నుంచి, నిర్మాణంలో ఉన్న ఫ్లాటు మీద జీఎస్టీ అయిదు శాతం. చౌక గృహాల కోవలోకి వస్తే ఒక్క శాతం. నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చాక కొంటే అసలు లేనే లేదు. బిల్డరు కొన్న సిమెంటు, ఇనుము మీద కట్టిన పన్ను ఆ ధరలో కలిసే ఉంటుందన్నది ఒప్పుకోవలసిన మాటే. అయితే సామాను మనమే కొనుక్కుని కూలి మాత్రమే ఇచ్చే పద్ధతిలో కూడా ఇదే తేడా ఉంది. ఒక కుటుంబం కోసం విడిగా కట్టే ఇంటికి, కూలి మాత్రమే ఇచ్చే కాంట్రాక్టులకు చట్టం మినహాయింపునిచ్చింది గానీ, అది కొత్త కట్టుబడికే పరిమితం, మరమ్మతుకు వర్తించదు. మామూలు పూత పనిని వీధి చివరి మేస్త్రీ చేత, బిల్లు గొడవ లేకుండా చేయించుకోవచ్చు. నైపుణ్యం కావలసిన పనికి పెద్ద కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లక తప్పదు, 18 శాతం కట్టక తప్పదు. సరైన పద్ధతిలో బాగుచేయించేవాడి మీదే బరువు ఎక్కువ పడుతోంది.

ఈ వంకర మన ఒక్కరి సొత్తేమీ కాదు. బ్రిటన్‌లో కొత్త ఇంటి నిర్మాణం మీద వ్యాట్ (మన జీఎస్టీ లాంటి పన్ను) సున్నా, పాత ఇంటి మరమ్మతు మీద 20 శాతం. వారసత్వ జాబితాలోని భవనాలకు అనుమతి పొంది చేసే మార్పుల మీద ఉండిన సున్నా పన్నును కూడా 2012 అక్టోబరులో ఎత్తేశారు.

దీన్ని సరిగ్గా పట్టుకున్నది అమెరికా. 1976లో అక్కడ తెచ్చిన పన్ను సంస్కరణ చట్టం చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, చారిత్రక భవనాన్ని కూల్చడానికి అయిన ఖర్చును లెక్కలో తగ్గించుకునే వీలును తీసేయడం. కూల్చివేతకు ఇస్తున్న రాయితీని ఆపి, అదే చట్టంతో నిలబెట్టేవాడికి ఇవ్వడం మొదలుపెట్టారన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి. 1981 నాటికి అది పునరుద్ధరణ ఖర్చులో 25 శాతం పన్ను క్రెడిట్‌గా పెరిగి, 1986లో 20 శాతం దగ్గర స్థిరపడింది. 2017 చట్టం దాన్ని రద్దు చేయలేదు గానీ, ఒకే ఏడాది కాకుండా అయిదేళ్లకు పంచి తీసుకోమంది. ఇది ఆదాయంలోంచి తగ్గించే మినహాయింపు కాదు, కట్టవలసిన పన్నులోంచే నేరుగా తగ్గుతుంది. పది లక్షల డాలర్ల అర్హమైన ఖర్చుకు రెండు లక్షల డాలర్ల పన్ను తప్పుతుందన్నమాట. నార్త్ కరోలినాలో ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లలో చాలామందికి డర్హమ్‌లోని అమెరికన్ టొబాకో ప్రాంగణం తెలిసే ఉంటుంది. 1987లో మూతబడిన సిగరెట్ల ఫ్యాక్టరీని ఈ క్రెడిట్ల సాయంతో బాగుచేసి 2004లో ఆఫీసులు, హోటళ్లతో తెరిచారు, లక్కీ స్ట్రైక్ అని రాసిన నీళ్ల ట్యాంకును, పొగగొట్టాన్ని అలాగే ఉంచారు. వర్జీనియా పొగాకుతో బతికిన గుంటూరు, ప్రకాశం జిల్లాలవాళ్లం, మన పాత పొగాకు గోదాములను స్థలం రేటు తప్ప మరే లెక్కతోనూ చూడం.

ఆ రాయితీ ఊరికే రాదు. భవనం చారిత్రకమైనదని, చేయబోయే పని నిర్ణీత ప్రమాణాలకు తగినట్టుందని, చేసిన పని చెప్పినట్టే ఉందని మూడు దశల్లో నేషనల్ పార్క్ సర్వీస్ అనే అక్కడి కేంద్ర ప్రభుత్వ సంస్థ ధ్రువీకరించాలి. మామూలుగా రెండేళ్ల వ్యవధిలో, భవనానికి పన్ను లెక్కల్లో మిగిలి ఉన్న విలువను మించిన ఖర్చు పెట్టి ఉండాలి, అంటే ముఖానికి రంగు వేసి డబ్బు అడగడానికి వీల్లేదు. అయిదేళ్లలోపు అమ్మేస్తే క్రెడిట్‌లో కొంత భాగం వెనక్కి కట్టాలి.

అయినా దాన్ని యథాతథంగా ఇక్కడికి దించమని నేను అడగను. మొదటి కారణం, అమెరికా కేంద్ర ప్రభుత్వపు క్రెడిట్ ఆదాయం తెచ్చే భవనాలకే గానీ యజమాని తాను కాపురముండే ఇంటికి రాదు. మన మండువా లోగిళ్లలో, సికింద్రాబాద్ పాత బంగళాల్లో ఉండేది ఎక్కువగా ముసలి తల్లిదండ్రులు. రెండో కారణం, వారిలో చాలామందికి కట్టవలసిన పన్నే ఉండదు. 2025 బడ్జెట్ తర్వాత కొత్త విధానంలో పన్నెండు లక్షల వరకు సాధారణ ఆదాయం మీద పన్ను లేదు కదా, లేని పన్నులోంచి దేన్ని తగ్గిస్తాం? పన్ను క్రెడిట్ వల్ల లాభపడేది పెద్ద పన్ను కట్టే కంపెనీలే. అమెరికాలో కూడా అదే జరిగి, అట్లాంటిక్ సిటీలోని బోర్డ్‌వాక్ హాల్ అనే పాత సభా భవనం వ్యవహారంలో, ఏ నష్టభయమూ లేకుండా క్రెడిట్ కోసమే భాగస్వామిగా చేరిన కంపెనీ నిజమైన భాగస్వామే కాదని 2012లో అప్పీలు కోర్టు తేల్చింది. ఇక్కడ కావలసింది అంతకంటే మొరటైన, సులువైన ఏర్పాటు: ధ్రువీకరించిన మరమ్మతు పని మీద కట్టిన జీఎస్టీని యజమానికి తిరిగి ఇవ్వడం, ఆస్తి పన్ను తగ్గించడం.

ఆస్తి పన్ను మాట ఎందుకంటే, ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి దాన్ని అద్దె విలువ మీద కాకుండా మూలధన విలువ మీద, అంటే స్థలం, కట్టడం కలిపిన విలువ మీద, లెక్కిస్తున్నారు. కట్టడం పాతబడే కొద్దీ దాని విలువ తగ్గుతుంది గానీ స్థలం విలువ తగ్గదు. పెద్ద దొడ్డి, మండువా ఉన్న ఇల్లు పట్టణం నడిబొడ్డున ఉంటే, అక్కడ ఉండని అపార్ట్‌మెంటు తాలూకు విలువకే యజమాని పన్ను కడుతున్నట్టు లెక్క.

హైదరాబాదు అనుభవం ఇంకో పాఠం. 1995లో అక్కడ వారసత్వ భవనాల నియమం వచ్చింది, సుమారు 150 కట్టడాలు జాబితాకెక్కాయి, వాటిని ముట్టుకోవాలంటే కమిటీ అనుమతి కావాలన్నారు. యజమానికి మాత్రం చేతికి అందేదేమీ పెద్దగా లేకపోయింది. 2012 నిర్మాణ నియమాల్లో వారసత్వ భవనాలకూ టీడీఆర్ (అక్కడ కట్టుకోలేని మేరకు వేరేచోట కట్టుకునే, లేదా ఇతరులకు అమ్ముకునే హక్కు పత్రం) ఇస్తామన్నారు గానీ, వారసులు పదిమందై హక్కు పత్రాలు చిక్కుపడిన ఇంటికి ఆ కాగితం సంపాదించడమే ఒక యుద్ధం. ఫలితంగా జాబితాలో పేరు ఉండడం గౌరవం కాకుండా శిక్షగా మారి, మా భవనాన్ని అందులోంచి తీసేయండని యజమానులే తిరిగారు. 2015లో ఆ నియమాన్నే ఎత్తేశారు, 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది, 2019 సెప్టెంబరులో ఎర్రమంజిల్‌ను కాపాడడానికి హైకోర్టు కల్పించుకోవలసి వచ్చింది. ఎర్రమంజిల్ పెద్ద పేరున్న భవనం కాబట్టి దాని కోసం కోర్టుకెక్కినవాళ్లు ఉన్నారు. పేరులేని దేవిడీ కోసం ఎవరు వెళతారు?

ఖజానాకు నష్టం అనేవారికి ఒక్క మాట. జాబితాకెక్కిన ప్రైవేటు ఇళ్లకే ఈ రాయితీని పరిమితం చేస్తే, పోయే పన్ను మన రాష్ట్రాల బడ్జెట్లలో లెక్కలోకి కూడా రానంత చిన్న మొత్తం. దుర్వినియోగం భయం ఉంటే, పని మొదలుపెట్టకముందు ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి ఫొటోలతో సహా తనిఖీ చేయించి, అయిదారేళ్లలోపు కూల్చినా అమ్మినా వడ్డీతో వసూలు చేసేలా రాయండి. తనిఖీకి పురావస్తు శాఖకు మనుషులు చాలరంటే, సున్నం పని తెలిసిన ఇంజినీర్లను ప్యానెల్‌లో పెట్టుకోవచ్చు.

ఏటా బడ్జెట్‌కు ముందు ఆర్థిక శాఖ సూచనలు అడుగుతుంది. మరమ్మతు అప్పు వడ్డీ పరిమితిని 30,000 నుంచి, కొత్త ఇంటికి ఇచ్చినట్టే, రెండు లక్షలకు మార్చమని ఈసారి నేను రాస్తున్నాను. మీలో ఇలాంటి ఇల్లు ఉన్నవారు కూడా రాయండి. 18 శాతం సంగతి తేల్చవలసింది జీఎస్టీ కౌన్సిల్, అందులో రెండు తెలుగు రాష్ట్రాలకూ సభ్యత్వం ఉంది. ఆస్తి పన్ను పూర్తిగా ఇక్కడి ప్రభుత్వాల చేతిలో ఉన్నదే, దానికి ఢిల్లీ వైపు చూడనక్కరలేదు.