గుల్జార్ హౌజ్ గారికి: హారన్లు సద్దుమణిగాక చదువుకోగలరు

అయ్యా గుల్జార్ హౌజ్ గారూ,

హైదరాబాద్ చార్మినార్ నుంచి ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే, దారి నడుమ నీళ్లు చిమ్మే ఫౌంటెన్ తమరే. అయినా తమరిని చూడ్డానికి ఎవరొస్తారు? ముత్యాల కోసం, వెండి పట్టీల కోసం వస్తారు. బండి పెట్టుకోను చోటు దొరక్క తమరి చుట్టూ తిరుగుతారు. నవగ్రహాలకైనా తొమ్మిది ప్రదక్షిణలే, తమరికి లెక్కే లేదు.

1591లో చార్మినార్, మరుసటి ఏడు నాలుగు కమాన్లు, అంటే రోడ్డు మీది తోరణ ద్వారాలు, వాటి నడుమ తమరు. పాత పేరు చార్ సూ కా హౌజ్. సూ అంటే దిక్కు. మోటారు ఆగిన రోజున ఆ 'కా'కి ఒక్క వత్తు తగిలిస్తే చాలు, సూఖా హౌజ్, ఎండిన తొట్టి.

మోటారు ఎందుకాగుతుందో తమరికి తెలియంది కాదు. చాయ్ కప్పులు, గుట్కా పొట్లాలు మోటారు నీళ్లు పీల్చే చోటి జాలీకి అతుక్కుంటాయి. నీళ్లందక మోటారు ఉత్తగా తిరిగి వైండింగ్ కాలుతుంది. అది బాగయ్యేలోగా ఉప్పునీటి సున్నం నాజిళ్లలో గట్టిపడుతుంది. తర్వాత పైకి లేవాల్సిన ధార పక్కకు చిమ్మి, దారిన పోయే స్కూటర్‌కు స్నానం చేయిస్తుంది. జాలీని వారానికోసారి, నాజిళ్లను నెలకోసారి విప్పి కడిగితే తీరే పనే. కాకపోతే అందులో టెండరు లేదు.

ఇక తమరి నలుగురు కాపలాదారులు. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. పడమటిది సెహర్-ఎ-బాతిల్, అంటే మంత్రాలను విరిచేది. జనం నోట నాని షేర్-ఎ-బాతిల్ అయింది, షేర్ అంటే పులి, అడక్కుండానే వచ్చి చేరింది. కుతుబ్‌షాహీల మహళ్లకు దారి అదే, అప్పట్లో దానికి జరీ తెర వేలాడేదట. మహళ్లు పోయాయి. తెర పని ఇప్పుడు షాపుల బోర్డులూ కరెంటు తీగలూ చూసుకుంటున్నాయి.

కమాను సందుల్లో రావి మొలిస్తే కొమ్మ నరుకుతారు, వేరు లోపలే ఉంటుంది. వానకు అది లావెక్కి గచ్చును చీలుస్తుంది. చీలికకు సిమెంటు పూస్తారు. సున్నపు గోడ పీల్చిన తేమ సిమెంటు దాటి బయటికి రాలేదు. చివరికి సిమెంటు ఒక్కటే ఊడదు, పాత గచ్చును వెంటబెట్టుకుని ఊడుతుంది. దీన్ని మరమ్మతు అంటారు, తమరు నవ్వకూడదు.

షాపుల షట్టర్లు లేవకముందు, పొద్దున్నే ఎవరైనా తమరి పక్కన నిలబడి ఒక్క చుట్టు తిరిగితే నాలుగు కమాన్లూ వరసగా కనిపిస్తాయి. అప్పటికే తమరి గట్టుకు ఎవరూ బండి ఆనించి ఉండకపోతే.

ఇట్లు,
తమరి చుట్టూ తిరిగేవాళ్లు