మొటిమ మీద తీర్పు: 13 మిల్లీమీటర్లు

హనుమకొండలో మా వీధికి చర్మవ్యాధుల డాక్టర్ల కొరత లేదు. ఏ పిల్ల ముఖం మీద ఒక్క మొటిమ లేచినా సాయంత్రానికి నలుగురు స్పెషలిస్టులు గేటు దగ్గరే కన్సల్టేషన్ మొదలుపెడతారు. వేపాకు నూరి పెట్టమని ఒకరు, టూత్‌పేస్ట్ అని ఇంకొకరు, లేవగానే పాచినోటి ఉమ్మి రాయమని మా అత్తమ్మ. ఫీజు లేదు, టోకెన్ లేదు.

ఇన్నాళ్లూ ఈ వైద్యానికి లేనిది రుజువొక్కటే. ఆ లోటును ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్న మా మేనకోడలు తీర్చింది.

ప్రాజెక్టు కోసం పెరట్లో వేపాకు కోసి, నీడన ఆరబెట్టి, మిక్సీలో పొడి కొట్టి, ఆల్కహాల్‌లో నానబెట్టి వడగట్టింది. (ఆ తర్వాత వారం దాకా మా కొబ్బరి పచ్చడి చేదే. సైన్సు కోసం మా ఇల్లు చేసిన త్యాగం అది.) అగర్ ప్లేటు (బ్యాక్టీరియాకు మేతగా జెల్లీ పోసిన పళ్లెం) నిండా బ్యాక్టీరియా పూసి, అందులో చిన్న చిన్న బావులు చేసి, ఒకదాంట్లో వేప, ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో మొటిమలకు డాక్టర్లు రాసే యాంటీబయాటిక్ క్లిండామైసిన్ పోసింది. రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచితే, తెల్లారేసరికి వేప బావి చుట్టూ బ్యాక్టీరియా పెరగకుండా తేటగా ఒక వలయం. స్కేలు పెడితే 13 మిల్లీమీటర్లు. ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పడింది. వేప గెలిచింది, కేసు క్లోజ్.

చిల్లర విషయాలు కొన్ని ఉన్నాయి గానీ, పట్టించుకోవద్దనే నా మనవి. ఆ 13లో 6 మిల్లీమీటర్లు బావి వెడల్పే. ఉత్త ఆల్కహాల్ పోసిన బావి చుట్టూ కూడా ఇంచుమించు అంతే వలయం వచ్చింది. ఇక మొటిమల కేసులో అసలు నిందితురాలు క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా. అది గాలి తగిలితే సరిగా పెరగదు. దానికి ఆక్సిజన్ లేని జార్ కావాలి, రోజుల తరబడి ఆగాలి. వీళ్ల ల్యాబ్‌లో ఆ జార్ మూత బిగుసుకోదట. అందుకని దొరికిన స్టెఫైలోకాకస్ అనే వేరే బ్యాక్టీరియా మీద చేశారు. దొంగ దొరక్కపోతే బామ్మర్దిని లోపలేసినట్టు. అయితేనేం, దెబ్బలు పడ్డాయి కదా.

ఆ ఆక్నెస్ కూడా వెంట్రుక కుదురు లోపల, నూనె, చచ్చిన కణాలు అడ్డుపడిన చోట కాపురం పెడుతుంది. నూనె ఊరించేవి హార్మోన్లు. పైన మెత్తిన వేప ముద్ద అంత లోపలికి దిగుతుందా అంటే, ఖాజీపేట ఔటర్‌లో నిలబడ్డ రైలు వరంగల్ చేరుతుందా అన్నట్టే. చేరితే చేరుతుంది.

ఆస్ట్రేలియా వాళ్లకు మరీ ఓపిక ఎక్కువ. 1990లో 5 శాతం టీ ట్రీ నూనెను మొటిమల మందు బెంజోయిల్ పెరాక్సైడ్‌తో పోలుస్తూ 124 మంది ముఖాలకే రాయించి చూశారు. రెండూ పనిచేశాయి, నూనె కొంచెం నిదానంగా. ముఖానికి రాసే మందును ముఖం మీదే పరీక్షించడమట! మనకంత తీరిక ఎక్కడిది? గాయాలకు పసుపు వాడకం మీద అమెరికా ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించిన జాతి మనది. పక్కన నిజామాబాద్‌లో పసుపు బోర్డే ఉంది. అలాంటి చోట నిలబడి "ఉత్త ఆల్కహాల్ బావి సంగతేంటి?" అనడానికి నోరెలా వస్తుంది?

వలయమే మందైతే నాదొక ప్రతిపాదన. మిర్చి ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ కూడా ల్యాబుల్లో కొన్ని బ్యాక్టీరియాలను అణిచింది. మా వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్లో సరుకుకు కొదవ లేదు. ఫేస్‌ప్యాక్‌కు వాలంటీర్లు పేర్లిస్తే, మొదటి పేరు ఫ్యామిలీ గ్రూపు అడ్మిన్‌దే రాస్తాను.

మా మేనకోడలు మాత్రం తన ఫలితం మీద నమ్మకంతో వేప ముద్దలో నిమ్మరసం పిండి నాలుగు రోజులు రాసుకుంది. ఐదో రోజు చెంపలు ఎర్రగా కంది, నీళ్లు తగిలితే మంట. ఈసారి ఫీజు తీసుకునే డాక్టర్ దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. అవన్నీ ఆపేయమని ఆయన ఒక ట్యూబు రాసిచ్చాడు.

ఇంటికొచ్చాక అత్తమ్మ ఆ ట్యూబు అటూ ఇటూ తిప్పి చూసి, ఫోన్లో ఆ పాత ఫొటో తీసింది.

"అంతా మంచిగనే ఉంది బిడ్డా, మరి ఈ ప్లేటుకైతే తగ్గింది గదా?"