ఇల్లు కట్టే చదరపు అడుగు రేటు గారికి

అయ్యా,

శ్రీకాకుళంలో బేస్‌మెంట్ దాకా లేపి ఆపేసినవాడి దండాలు. తమరు ఎక్కడమే తప్ప దిగడం ఎరగని మహానుభావులు కనుక, కింద నిలబడే రాస్తున్నాను.

మా తాతల నాడు ఈ జిల్లా పల్లెల్లో తమరి మొహం చూసినవాళ్లు తక్కువ. మట్టి చెరువుది, దూలాలు తాటిచెట్టువి, కప్పు తాటాకు. గోడ పెడుతుంటే ఊళ్లోవాళ్లే వచ్చి చెయ్యేసేవారు, వాళ్లింటికి మనం వెళ్లేవాళ్లం. సముద్రం ఒడ్డున చుట్టిళ్లు అలా లేచినవే. జేబులోంచి డబ్బు తియ్యకపోతే తమరికి పనేముంది? కాకపోతే గాలివానకి కప్పు లేచిపోయేది, అదీ నిజమే. 2018లో తిత్లీ తుపాను మా జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేశాక స్లాబు లేని ఇంట్లో నిద్రపట్టేదెవరికి?

స్లాబంటే ఇనుము. ఉక్కు ఫ్యాక్టరీ చూస్తే పక్కన విశాఖలోనే. దాని కొలిమిలోకి కోకింగ్ బొగ్గు, అంటే ఉక్కు తయారీకి వాడే బొగ్గు, మాత్రం ఓడెక్కి రావాలి. మన దేశానికి వచ్చేదాంట్లో పెద్దవాటా ఆస్ట్రేలియాది. అక్కడి గనుల్లోకి వరదొస్తే ఇక్కడ నా పిల్లర్లు వణుకుతాయి. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధమొచ్చినప్పుడూ అదే వరస.

ఇసుక 2024 జులై నుంచి ఉచితం. నాగావళి ఊరి మధ్యనుంచే పారుతోంది. లోడింగుకి ఇచ్చి, ట్రాక్టరు బాడుగ ఇచ్చి, గుమ్మం ముందు పోయించుకుంటే ఉచితమంటే ఎంతో తెలిసొస్తుంది. సిమెంటు మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 18కి దిగింది. తమరు మరి? మేస్త్రిని అడిగాను. తాపీ కిందపెట్టి, "సిమెంటు తగ్గితే ఏటి బాబూ, మనిషేడీ?" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా జిల్లా తాపీ పనివాళ్లు చెన్నైలో, హైదరాబాద్‌లో, బెంగళూరులో అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. ఇక్కడ ఇటుక అందించే మనిషి కావాలంటే ఆ నగరాల కూలితో పోటీపడాలి. పడాల్సిందే, వాళ్లకీ పిల్లలున్నారు. ఇంతాచేసి తమరి మీద పడి ఏడ్చే మేమే రెండు అటాచ్డ్ బాత్రూములు, ముందువైపు ఎలివేషన్ లేకపోతే పరువు పోతుందంటాం, అది వేరే సంగతి.

ఒక్కచోట మాత్రం తమరు కదలకుండా బుద్ధిగా కూర్చున్నారు. పల్లెల్లో ఇల్లు కట్టుకునే పేదవాడికి ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద 2016లో మైదాన ప్రాంతానికి రాసిన సాయం 1.20 లక్షలు. 2024లో పథకాన్ని పొడిగించినప్పుడూ అదే అంకె. ఆ ఫైల్లో తమరికి ఏ మందు వేస్తున్నారో కాస్త కనుక్కుని, నా స్లాబు పడేదాకా రెండు పూటలా పుచ్చుకోగలరు.

ఇట్లు,
బేస్‌మెంట్ మీద గొడుగేసుకుని కూర్చున్నవాడు,
శ్రీకాకుళం