పైత్యమంటే కోపం కాదు

మొన్న ఒక ఇంగ్లిష్ వార్తను తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఒక నాయకుడు ప్రత్యర్థి మీద 'బైల్' కక్కాడట. నిఘంటువు తీస్తే 'పైత్యరసం' అని ఉంది. అలాగే రాస్తే పాఠకులు ఆయన్ని ఏ ఆసుపత్రిలో చేర్చారని అడుగుతారు. 'విషం కక్కారు' అని రాసి పంపేశాను.

కోడిని కోయించేటప్పుడు చూసే ఉంటారు. కార్జానికి అంటుకుని ముదురాకుపచ్చ తిత్తి ఒకటి ఉంటుంది. షాపతను దాన్ని ఒడుపుగా లాగి పారేస్తాడు. పగిలిందా, కార్జమంతా చేదు విషం. ఆ పసరే బైల్, మన పిత్తం. మనిషి కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా దీన్ని తయారుచేస్తుంది. కొవ్వును సన్నటి బొట్లుగా విడగొట్టి అరిగేలా చేయడం దాని పని. కోపతాపాలతో దానికేం సంబంధం లేదు.

పాతకాలపు వైద్యులు మాత్రం ఉందనే నమ్మారు. గ్రీకుల లెక్కలో ఒంట్లో ద్రవాలు నాలుగు: రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. పిత్తం వాళ్లకు 'ఖోలే', నలుపు 'మెలాస్'. రెండూ కలిస్తే మెలాంకలీ, అంటే దిగులు. కొలెస్ట్రాల్‌లో ఉన్నదీ ఆ ఖోలేనే, మొదట దాన్ని కనిపెట్టింది పిత్తాశయం రాళ్లలో మరి. లాటిన్ వాళ్ల 'బిలిస్'కు పిత్తంతో పాటు కోపమనే అర్థమూ ఉండేది. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌కు చేరి బైల్ అయింది. కామెర్ల పరీక్ష కాగితంలో కనిపించే బిలిరుబిన్‌లో ముందు సగం అదే.

ఆ గ్రీకు లెక్కే అరబ్బుల చేతుల మీదుగా యునానీ వైద్యమై మన హైదరాబాద్ దాకా వచ్చింది. పసుపుది సఫ్రా, నల్లది సౌదా. ఉర్దూలో 'సౌదాయీ' అంటే పిచ్చివాడు. తమాషా ఏమిటంటే, ఇన్ని భాషల్లో ఇంతమందిని దిగులుపెట్టిన ఆ నల్ల పిత్తం అసలు ఒంట్లోనే లేదు!

సంస్కృతం దారి వేరు. సుశ్రుతుడు పిత్తాన్ని 'తప' ధాతువు నుంచి సాధించాడు, అంటే వేడి. ఆ వ్యుత్పత్తి కాస్త లాగిపట్టినట్టుంటుంది గానీ, ఆ వేడి తలకెక్కితే మనిషి తిక్కగా తయారవుతాడన్న ఊహ దక్షిణాదిలో బాగా నాటుకుంది. తమిళంలో 'పిత్తన్' అంటే పిచ్చివాడు. తమిళ శివభక్త కవి సుందరర్ తన తొలి తేవారంలో, అంటే శివస్తుతి పాటలో, సాక్షాత్తూ శివుణ్నే 'పిత్తా' అని పిలిచాడు.

తెలుగు ఇంకో అడుగు వేసింది. పెసరట్టు మీద చాక్లెట్ పోసినవాణ్ని చూసి 'ఇదేం పైత్యంరా' అంటాం. వాడికి కోపమూ లేదు, దిగులూ లేదు, హద్దు దాటిన ఊహ ఉంది, అంతే. ఇంగ్లిష్ వాడి బైల్‌లో ఎదుటివాడి మీద కసి ఉంటుంది. మన పైత్యంలో కసి లేదు, అతి ఉంది. కసికి మనం పామును అరువు తెచ్చుకున్నాం, అందుకే అక్కడ విషం కక్కుతాం.

మా అమ్మమ్మకు మాత్రం పైత్యం తిట్టు కాదు, జబ్బు. తల తిప్పి, నోరు చేదై, వికారం పెడితే 'పైత్యం చేసింది' అని ధనియాలు, జీలకర్ర వేసి కషాయం కాచేది. ఇప్పుడు ఇవన్నీ ఎసిడిటీ ఖాతాలో పడుతున్నాయి. నిజానికి ఎసిడిటీ పొట్టలోని ఆమ్లం గొడవ, పిత్తానిది కాదు. ఆ మధ్య మందుల షాపులో కావాలనే 'పైత్యానికి ఏదైనా మందుందా' అని అడిగాను. కౌంటర్లో కుర్రాడు నవ్వు ఆపుకుంటూ, 'ఎవరికి సార్?' అన్నాడు.