పట్టా లేని ఈగలు

ఖాళీగా పడి ఉన్న నేలను చూస్తే నాగరికుడైన మనిషికి చెయ్యి ఊరుకోదు. గడ్డి పెరిగిన గట్టు, ఎండి నిలిచిన మోడు, ఎవరూ నాటని పూలమొక్కలతో నిండిన మట్టిదిబ్బ వంటివన్నీ అభివృద్ధికి అడ్డమని మన పెద్దలు ఏనాడో గ్రహించి, వాటిని చదును చేయించే బృహత్కార్యాన్ని భుజాన వేసుకున్నారు. ఈ శుభకార్యానికి ఇప్పుడు కొందరు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెబుతున్నారు. ఆ స్థలాలలో ఎవరో కాపురం ఉంటున్నారట. ఎవరా అని ఆరా తీస్తే తేలినది తేనెటీగల దాయాదులైన అడవి ఈగలు!

తేనెటీగ అనగానే మనకు పట్టు, రాణి, కూలీలు, చివరగా సీసాలో తేనె గుర్తుకు వస్తాయి. ఆ తేనెటీగల వంశంలో ప్రపంచవ్యాప్తంగా గుర్తించిన 20,000కు పైగా జాతులలో అధిక భాగానికి ఈ సంసారమేదీ లేదు. రాణి లేదు, పరివారం లేదు, మనకు ఇచ్చే తేనె అంతకంటే లేదు. ప్రతి ఆడ ఈగా ఒంటరిగా ఇల్లు కట్టుకుని, తన పిల్లలకు తానే మేత సమకూర్చుకుంటుంది. వీటిలో దాదాపు 70 శాతం జాతులు నేలలో బొరియలు తవ్వుకుంటాయి. తక్కినవి ఎండుకొమ్మలను, బోలు కాడలను, పాత గోడల సందులను ఆశ్రయిస్తాయి. పది కోట్ల సంవత్సరాలుగా అనుభవంలో ఉన్నామన్నది వాటి తరఫు వాదన. అంత వ్యవధిలో ఒక్క కాగితమైనా సంపాదించుకోవాలన్న ఇంగితం లేనివారి మాటకు విలువ ఎలా ఇవ్వగలం?

పైగా, ఈ కాపురాలు తనిఖీకి అందవు. తల్లి ఈగ నేలలో సన్నటి దారి తొలిచి, పక్కలకు చిన్న చిన్న గదులు తీసి, ఒక్కొక్క గదిలో పుప్పొడిని మకరందంతో కలిపి చేసిన ముద్దను ఉంచి, దానిపై ఒక గుడ్డు పెట్టి, గదిని మట్టితో మూసివేస్తుంది. కొన్ని వారాలలో తల్లి ఆయువు తీరుతుంది. బిడ్డ మాత్రం చాలా జాతులలో మరుసటి ఏడు పూలు పూసేదాకా ఆ చీకటిలోనే ఎదుగుతూ ఉంటుంది. కనుక ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడికి ఎవరు వెళ్లి చూసినా కనిపించేది వట్టి నేలే. నిర్మానుష్యమని రాసుకుని సంతకం చేసిన అధికారిని గాని, ఆ సంతకాన్ని నమ్మి యంత్రాన్ని నడిపిన మనిషిని గాని తప్పుపట్టడానికి లేదు. తలుపు మూసిన ఇంట్లో ఒక తరం మొత్తం నిద్రపోతున్నదని ఆ తలుపు మీద రాసి పెట్టలేదు కదా!

ఇక వీటి గొంతెమ్మ కోరికలకు అంతు లేదు. గూటికి ఎండ తగిలే, ఎవరూ దున్నని నేల కావాలి. బతికినన్నాళ్లూ పూలు కావాలి. కొన్ని జాతులకైతే ఒకటి రెండు రకాల మొక్కల పుప్పొడి తప్ప మరొకటి పనికిరాదు. ఇవన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి, ఎందుకంటే చిన్న ఈగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి వెళ్లలేవు. మనం దయతలచి అక్కడొక తునక, ఇక్కడొక తునక వదిలిపెట్టినా సంతృప్తి లేదు. గూడు ఒక తునకలో, పూలు మరొక తునకలో ఉన్నాయని ఫిర్యాదు. ఆ తునకలలో మిగిలిన కొద్దిపాటి ఈగలు మేనరికాలతోనే వంశాన్ని నెట్టుకురావలసి వస్తే, సంతానంలో కొరగాని మగ ఈగలు పెరిగి మంద ఇంకా క్షీణిస్తుందట. ఇది వారి కుటుంబ వ్యవహారం. మనం జోక్యం చేసుకోవడం మర్యాద కాదు.

అయినా మనం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అడవి ఈగలు తగ్గుతున్నాయని వినగానే తేనె పెట్టెలు తెచ్చి వరుసగా అమర్చి, రిబ్బను కత్తిరించి, ఫోటోలు దిగాము. ఏటా మే 20న జరుపుకునే ప్రపంచ తేనెటీగల దినోత్సవానికి కూడా ఒక తేనెటీగల పెంపకందారుని పుట్టినరోజునే ఎంచుకున్నారు కనుక మన పద్ధతి లోకసమ్మతమే. పెట్టెలోని వేలాది పెంపుడు ఈగలు, మిగిలిన ఆ నాలుగు పూల మీదికే మేతకు వెళ్లి అడవి ఈగలతో పోటీ పడతాయన్నది చాదస్తుల గొణుగుడు. ప్రపంచవ్యాప్తంగా 41 పంట వ్యవస్థలను పరిశీలించి 2013లో వెలువరించిన ఒక అధ్యయనం, అడవి కీటకాల రాకతో అన్నింటిలోనూ పిందె కట్టడం మెరుగైందనీ, పెంపుడు తేనెటీగల రాకతో స్పష్టంగా మెరుగైనవి 14 శాతమేననీ తేల్చింది. ప్రారంభోత్సవాల ఉత్సాహం మీద నీళ్లు చల్లే ఇటువంటి లెక్కలు ఎవరికి లాభం?

టమాటా, వంగ పూలది మరీ మొండితనం. వాటి పుప్పొడి, కేసరాల కొనన ఉన్న సన్నని రంధ్రాల లోపల దాగి ఉంటుంది. మోడును తొలిచి కాపురం ఉండే తుమ్మెద వచ్చి, పువ్వును కరచి పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను మాత్రం ఝుమ్మని అదిలిస్తే, పుప్పొడి జలజల రాలి దాని పొట్టకు అంటుకుంటుంది. పెట్టెలో పెరిగిన తేనెటీగకు ఈ విద్య రాదు. గాలికి కొంత రాలుతుంది గాని, గాజు ఇళ్ల సాగులో ఆ గాలీ ఉండదు. అందుకే అక్కడి రైతులు ఒకప్పుడు అదిరే పరికరాలను చేతపట్టి పూలగుత్తులన్నింటినీ అదిలిస్తూ తిరిగేవారు. 1980ల చివరి నుంచి ఆ పనిని, అదే విద్య తెలిసిన బంబుల్‌బీ అనే పెంపుడు ఈగలకు అప్పగించి, చక్కటి ఉపాధిని చేజేతులా పోగొట్టుకున్నారు.

ఆ ఉపాధిని తిరిగి తేవడం ఎంతో సులువు. చైనాలోని సిచువాన్ ప్రాంతంలో బేరి తోటల రైతులు చెట్లెక్కి కుంచెలతో పూలకు పుప్పొడి అద్దుతూ ఇప్పటికే దారి చూపారు. గట్లు చదును చేసి, మోడులు కొట్టే పనిలో ఉన్నవారికే పూత కాలంలో తలా ఒక కుంచె, ఒక నిచ్చెన ఇస్తే, కొత్త మనుషులను వెతుక్కునే శ్రమ కూడా తప్పుతుంది.