సవరణ: అప్పడాల లెక్కలో దొర్లిన పొరపాటు

గంజాం జిల్లా బరంపురంలో మా వదినగారు ఇంట్లో చేసి అమ్మే అప్పడాలు, మినప వడియాలను ఉదాహరణగా తీసుకుని, 9 కిలోల మినపపప్పుతో, 6 గంటల పనితో ఏవి ఎన్ని పొట్లాలు చేస్తే లాభం ఎక్కువో సరళ అసమీకరణాల (‘ఇంతకు మించకూడదు’ అనే షరతుల) ద్వారా గత వారం వివరించాను. అందులో ముగింపు తప్పు.

అప్పడాల పొట్లానికి 200 గ్రాముల పప్పు, 15 నిమిషాలు పడతాయి. వడియాల పొట్లానికి 300 గ్రాములు, 10 నిమిషాలు. లాభం వరుసగా 20, 18 రూపాయలు (ఎండబెట్టడం సూర్యుడి పని కనుక లెక్కలోకి రాదు). పటంలో పప్పు రేఖ (9 కిలోలూ వాడేసే జతలు), సమయ రేఖ (6 గంటలూ వాడేసే జతలు) ఖండించుకునే శీర్షం వద్ద 7.2 అప్పడాల పొట్లాలు, 25.2 వడియాల పొట్లాలు వస్తాయి. పొట్లంలో ఐదో వంతును ఎవరూ కొనరు కనుక దశాంశాలు కొట్టేసి 7, 25 అని, గరిష్ఠ లాభం 590 రూపాయలని రాశాను. అది సాధ్యమే గాని గరిష్ఠం కాదు. 8, 24 చేస్తే పప్పు 8.8 కిలోలు, సమయం సరిగ్గా 360 నిమిషాలు, లాభం 592 రూపాయలు. రెండు షరతులను కలిపి చూస్తే మొత్తం పొట్లాలు 32కు మించవని, 32 చేసినప్పుడు అప్పడాలు 8కి మించవని తేలుతుంది. 31 లేదా అంతకు తక్కువైతే లాభం 578 దాటదు.

పటంలో సరిహద్దులను చుక్కల గీతలుగా వేయడమూ పొరపాటే. చుక్కల గీత అంటే దాని మీది బిందువులు చెల్లవని అర్థం; 8, 24 సమయ రేఖ మీదే ఉండి కూడా చెల్లుతుంది కనుక అవి నిండు గీతలుగా ఉండాలి.